ఎడమ మూల జత

ఆదెప్ప ఉత్త అనుమానప్పక్షి. హిందూపురం బెల్లం మండీలో ఈ మాట అననివాడు లేడు. టీ అంగడి ముందు నలుగురు నవ్వితే తనను చూసే నవ్వారనుకుంటాడు. వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేలోపు మొహంలో రంగు మారిపోతుంది. తోటి హమాలీలకు ఇదొక కాలక్షేపం. కావాలనే అతని వైపు చూసి చెవులు కొరుక్కునేవాళ్లు. అతను బిక్కమొహం వేస్తే పగలబడి నవ్వేవాళ్లు. అంత అనుమానం దేనికని మాత్రం ఒక్కడూ అడగలేదు. దేవుడు ఆ మాత్రం చల్లగా చూశాడు.

దాచిపెట్టి కథ నడపడం దేనికి, చెప్పేస్తే పోతుంది. ఆదెప్ప మనసు ఆడవాళ్ల మీదికి పోయేది కాదు. మీసం మొలిచిన నాటి నుంచీ మగవాళ్ల మీదికే పోయేది. పెళ్లయితే అదే సర్దుకుంటుందనుకుని, నాయన చూపించిన పిల్లను నోరెత్తకుండా చేసుకున్నాడు. ఈశ్వరి మంచి మనిషి. నాలుగేళ్ల కూతురు కూడా ఉంది. అయినా ఏదీ సర్దుకోలేదు. ఆ సంగతికి ఊళ్లో పేరంటూ లేదు. "ఆ మాదిరి" అనేవాళ్లు, పెదవి కాస్త వంకర తిప్పి. ఆ రెండు మాటలు ఎక్కడ వినబడినా ఆదెప్ప గుండె జారిపోయేది, మాట్లాడుకునేవాళ్లు బెల్లం రంగు గురించి మాట్లాడుకుంటున్నా సరే.

మండీ హమాలీలకు ఒక చెడుగుడు జట్టు ఉండేది. హమాలీల మేస్త్రీ ఉలిగప్పే దానికీ పెద్ద. యాభై దాటినా ఎద్దులాంటి మనిషి, మాట కరుకు, మనసు చెడ్డది కాదు. చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టడానికి బరి మూలల్లో ఇద్దరిద్దరు చేతులు కలిపి నిలబడతారు. వాళ్లను జత అంటారు. కూతగాడు కాస్త లోపలికి వచ్చాడా, జత చుట్టుకుని వాణ్ణి నడుం దగ్గర బిగించేస్తుంది. ఇద్దరి పట్టు వదిలిందంటే వాడు గీత దాటిపోతాడు. హిందూపురం జట్టుకు ఎడమ మూల జత ఆదెప్ప, ఎర్రిస్వామి. మూడేళ్లుగా వాళ్లిద్దరూ అక్కడే.

ఎర్రిస్వామికి ఇరవయ్యారేళ్లుంటాయి. నోట్లో నాలుక లేని మనిషి. భర్త పోయిన అక్కనూ ఆమె ముగ్గురు పిల్లల్నీ సాకుతూ, తన పెళ్లి మాట ఎత్తితే "ఆ బిడ్డలు గట్టున పడనీ" అనేవాడు. ఆటలో మాత్రం పులి. ఆదెప్ప వేళ్లలో వేళ్లు గుచ్చి చెయ్యి బిగిస్తే ఎంతటి కూతగాడైనా ఎగిరెగిరి పడాల్సిందే. ఆడినంతసేపూ ఆ చెయ్యి ఆదెప్పది. దాని కోసమే అతను వారమంతా ఎదురుచూసేవాడు. ఈల వినబడగానే ముందుగా చెయ్యి విడిపించుకునేదీ ఆదెప్పే.

విచిత్రం ఏమిటంటే, ఆ ఊళ్లో మగవాళ్లు చేతులు పట్టుకుని నడవడం ఎవరికీ పట్టదు. సంతకు పోతూ చిటికెనవేళ్లు కలుపుకుంటారు. సినిమా టెంటులో ఒకరి తొడ మీద ఒకరు కాలేసుకుని కూర్చుంటారు. ఒకే కంబళి కప్పుకుని పడుకుంటారు. మనసులో ఏమీ లేనివాళ్లకు అన్నీ చెల్లుతాయి. ఆదెప్ప ఒక్కడే బరి బయట ఎవరి ఒంటి మీదా చెయ్యి వేసేవాడు కాదు. ఎర్రిస్వామి స్నేహంగా భుజం మీద చెయ్యేస్తే, బీడీ వెలిగించుకునే నెపంతో పక్కకు జరిగేవాడు.

అది 1958 ఎండాకాలం. పెనుకొండలో పెద్ద పోటీలు పెడుతున్నారు. అక్కడికి పోవాలంటే ముందు ధర్మవరం జట్టును ధర్మవరంలోనే ఓడించాలి. ఆ ఎండలకు ఎర్రిస్వామి అరచేతులు నీళ్లు కారేవి. సాధనలో రెండుసార్లు పట్టు జారి కూతగాడు తప్పించుకుపోయాడు. ఉలిగప్ప బూతులు అందుకున్నాడు.

"మన్ను రాసుకున్నా నిలబడ్ల్యా ఉలిగప్పన్నా, ఏం జెయ్యల్ల?" అని ఎర్రిస్వామి తల దించుకున్నాడు.

ఆదెప్పకు జాలేసింది. "గోరింటాకు పెట్టుకో. చలవ చేస్తాది. చెమట పట్టదు" అన్నాడు. అని ఊరుకోక, ఇంటికి పోయి ఈశ్వరితో రుబ్బించి అరిటాకులో కట్టించుకుని బయలుదేరాడు.

"ఎవురికి?" అంది ఈశ్వరి.

"ఎర్రిస్వామికి. చేతులు జారతాండాయి."

ఈశ్వరి చెంబుతో నీళ్లు తెచ్చుకుంది. "నా చేతికి పెట్టుకోమని ఒగ దినమన్నా అన్ల్యా నువ్వు" అని మాత్రం అని రోలు కడుక్కుంది. ఆ మాటలో ఏమైనా ఉందా, ఊరికే అందా అని ఆదెప్ప ఆ రోజంతా మథనపడ్డాడు.

గోరింటాకు పనిచేసింది. ధర్మవరంలో ఎర్రిస్వామి చెయ్యి రాయిలా నిలిచింది. మగ్గాలు ఆపుకుని వచ్చిన నేతగాళ్లు బరి చుట్టూ మూగారు. తమ కూతగాడు ఎడమ మూలలో వరసగా చిక్కుకుపోతుంటే వాళ్లకు కడుపు మండింది. అంతలో ఎర్రిస్వామి దుమ్ము దులుపుకుంటూ రెండు అరచేతులూ పైకెత్తాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ.

"యోవ్, పెండ్లికూతురప్పో!" అని గుంపులోంచి ఎవడో అరిచాడు. "సీర మాకాడ ఉండాది, పట్టుసీర! కట్టి పంపిద్దుమా?"

బరి బరంతా నవ్వింది. ఎర్రిస్వామి కూడా అమాయకంగా నవ్వేశాడు. అదే అతను చేసిన పొరపాటు. కోపం తెచ్చుకుని ఉంటే అక్కడితో పోయేదేమో.

హిందూపురం గెలిచింది. కానీ జట్టులో ముఖ్యమైన కూతగాడు తిమ్మరాజు ఆ రోజు ఒక్కణ్ణి కూడా ముట్టి రాలేకపోయాడు. జనమంతా ఎడమ మూల జతనే మెచ్చుకున్నారు. తిరుగు రైల్లో తిమ్మరాజు కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. ఎర్రిస్వామి నీళ్ల కోసం పెనుకొండ స్టేషన్లో దిగినప్పుడు మెల్లగా అన్నాడు.

"గోరింటాకు పెట్టుకునే మొగోన్ని నేను యాడా చూడ్లా. ఇరవయ్యారేండ్లొచ్చినా పెండ్లి వద్దంటాడు. ఆలోచన చేయండబ్బా. వాడు ఆ మాదిరోడు."

ఆదెప్ప తల ఎత్తాడు. గోరింటాకు నేనే ఇచ్చాను అనాలి. నోటిదాకా వచ్చింది. తిమ్మరాజు అతని వైపే చూస్తున్నాడు. ఊరికే చూస్తున్నాడా, కనిపెట్టే చూస్తున్నాడా? ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో పాటు ఆదెప్ప కూడా నవ్వాడు. తన నవ్వు తనకే రోత పుట్టించింది.

ఆ తర్వాత మండీలో గాలే మారిపోయింది. నిన్నటిదాకా ఎర్రిస్వామి ఎంగిలి బీడీ లాక్కుని పీల్చినవాళ్లు ఇప్పుడు కొత్తది వెలిగించుకునేవాళ్లు. బావి దగ్గర అతను నీళ్లు పోసుకుంటుంటే మిగతావాళ్లు బట్టలు పట్టుకుని దూరంగా నిలబడేవాళ్లు. మూట ఎత్తిపెట్టడానికి ఇంకో చెయ్యి కావాలి కదా, ఎర్రిస్వామి మూటకు చెయ్యి వేయడానికి ఒక్కొక్కరూ వెనకాడేవాళ్లు. పాత సంగతులన్నీ తవ్వారు. అప్పుడెప్పుడో పీర్ల పండగకు తలకు నూనె పెట్టి పాపట తీశాడన్నారు. అక్క బిడ్డకు జడ వేశాడన్నారు. మనిషిని అనుమానించడం మొదలుపెట్టాక అన్నం తినడం కూడా అనుమానంగానే కనబడుతుంది.

అంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. ఒకణ్ణి అనుమానించిన జట్టు తనను తాను కూడా అనుమానించుకోసాగింది. కుడి మూల జత వేళ్లు కలపడం మానేసి మణికట్లు పట్టుకుంది. తొడ పట్టి లాగాల్సినచోట ఒకడు ఆగాడు. పడినవాడి మీద పడ్డవాడు నిప్పు తొక్కినట్టు లేచాడు. ఇది చూసి ఉలిగప్పకు ఒళ్లు మండింది. "మొగోళ్ల ఆట ఆడతాండారా, మడి కట్టుకున్న ముసలమ్మలా?" అని తిట్టాడు. కారణం అతనికీ తెలుసు.

ఇంత జరుగుతున్నా ఆదెప్పను అనుమానించినవాడు లేడు. పెళ్లాం ఉంది, బిడ్డ ఉంది. పెళ్లయిన మగవాడికి ఊరు ఇచ్చే మర్యాద అది. ఆదెప్ప ఆ మర్యాద కింద తలదాచుకుని చూస్తూ ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం, మండీ వెనక గోడ నీడలో ఎర్రిస్వామి అతని పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఆదెప్పా, నేనేమన్నా తప్పు జేసినానా? అందరూ ఏంటికి ఎడంగా జరుగుతాండారు?"

"ఏం ల్యా. ఎండకు అందరికీ తిక్క లేసింది."

"నువ్వు గూడా జరుగుతాండావు గదప్పా."

ఆదెప్ప తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "పనుండాది" అని లేచి వెళ్లిపోయాడు.

పెనుకొండ పోటీలకు జట్టు ఒక రోజు ముందే చేరుకుంది. ఆట చూద్దామని మండీవాళ్లు కొందరు కూడా వెంట వచ్చారు. కొండ కింద ఒక సత్రం వసారాలో దిగారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉలిగప్ప అందరినీ కూర్చోబెట్టాడు. ఎర్రిస్వామిని ఎదురుగా కూర్చోమన్నాడు.

"సూడప్పా, దాపరికం ఏంటికి. నీ మీద ఒగ మాట వచ్చింది. నువ్వు ఆ మాదిరోడివంట. అదే నిజమైతే జట్టులో ఉండనియ్యను, మండీలో గూడా ఉండనియ్యను. నీ పక్కన మూట ఎత్తేదానికి ఎవురూ రామంటాండారు. కాదంటే ఈడికీడే తేలిపోవల్ల. రేపు ఆట ఉండాది."

ఎర్రిస్వామికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. "గోరింటాకు సెమటకు పెట్టుకున్నా అన్నా. పెండ్లి అక్క బిడ్డల కోసం వద్దంటి" అన్నాడు. మండీ పోతే ఆ రాత్రికి అక్క పొయ్యి వెలగదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసినా ఒక్కరూ తల ఎత్తలేదు.

"సెమటకంట!" అని తిమ్మరాజు నవ్వాడు.

ఆదెప్ప ఉన్నచోటే కదిలాడు. "ఆకు ఇచ్చింది నేను. మా ఇంట్లో రుబ్బించి నేనే ఇచ్చినా" అన్నాడు. ఇన్నాళ్లకు ఆ మాట బయటికి వచ్చింది.

"నువ్వు మంచికిచ్చినావు లేబ్బా. పెట్టుకున్నోని సంగతి చెప్పు" అన్నాడు తిమ్మరాజు. ఆ మాట అంత తేలిగ్గా గాలికి పోయింది. పెళ్లయినవాడు గోరింటాకు ఇస్తే మంచితనం, పెళ్లికానివాడు పెట్టుకుంటే తప్పు.

ఉలిగప్ప నడుమున దోపుకున్న ఇనుప కొక్కెం తీసి బండ మీద పెట్టాడు. మూటను గుచ్చి లాగే కొక్కెం అది. హమాలీలకు కోర్టూ కచ్చేరీ అన్నీ అదే. దాని మీద చెయ్యి పెట్టి అబద్ధమాడినవాడి వీపున మూట నిలవదని వాళ్ల నమ్మకం. మండీలో పోయిన మూటల తగువులు, పెళ్లాం మొగుళ్ల తగువులు కూడా దాని మీదే తేలేవి.

"ఆదెప్పా, నువ్వు రా" అన్నాడు ఉలిగప్ప. "వాన్ని అడిగితే కాదనే అంటాడు. మూడేండ్లు వాని చెయ్యి పట్టుకోని ఆడినోడివి నువ్వు. సూసేటోనికి ఏం తెలుస్తాది, పట్టుకున్నోనికి తెలుస్తాది. కొక్కెం మీద చెయ్యేసి చెప్పు. వాడు ఆ మాదిరోడా, కాదా?"

ఆదెప్ప లేచి వచ్చాడు. ఎర్రిస్వామి అతని మొహంలోకే చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు, నమ్మకమే ఉంది. అది చూడలేక ఆదెప్ప కళ్లు దించుకున్నాడు. నాకు తెలీదు అంటే చాలు. తెలీదన్న మాటను వాళ్లు అవునన్నట్టే తీసుకుంటారు, తన మీదికి ఈగ కూడా వాలదు. ఇంట్లో ఈశ్వరి ఉంటుంది, కూతురు కూతురుగా ఉంటుంది. పోయేది ఎర్రిస్వామి ఒక్కడే.

కొక్కెం మీద చెయ్యి పెట్టాడు. ఇనుము ఇంకా ఉలిగప్ప ఒంటి వేడితో వెచ్చగా ఉంది.

"కాదు" అన్నాడు.

ఎర్రిస్వామి ఊపిరి వదిలాడు. తిమ్మరాజు మాత్రం వదల్లేదు.

"కాదంటే అయిపాయనా? వాని మనసులో ఉండేది నీకెట్ల తెలుసు? చెయ్యి పట్టుకున్నంత మాత్రాన తెలుస్తాదా?"

"తెలుస్తాది."

"అదే, ఎట్ల?"

ఉలిగప్ప కూడా ముందుకు వంగాడు. "చెప్పప్పా. ఎట్ల తెలుస్తాదో చెప్తే మాకందరికీ మనసు నిమ్మళమైతాది. రేపు వాని పక్కన నిలబడల్ల గదా."

అతను అడిగినదాంట్లో కుట్ర ఏమీ లేదు. ఆ కాదన్న మాటకు ఆధారం కావాలన్నాడు, అంతే. ఆ ఆధారం లోకంలో ఒక్కచోటే ఉంది. ఆదెప్ప అక్కడున్న మొహాలన్నీ ఒకసారి చూశాడు. ఇన్నేళ్లుగా తను భయపడుతూ వచ్చిన మొహాలు. వీళ్లలో ఒక్కడికి కూడా ఏమీ తెలియదని, ఎన్నడూ తెలియలేదని అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ల భయం ఉత్త పుణ్యానికి పడ్డ భయం. తను నోరు మూసుకుంటే చచ్చేదాకా కూడా తెలియదు.

"ఆ మాదిరి చెయ్యి ఎట్లుంటాదో నాకు తెలుసు" అన్నాడు.

"యాడ పట్టుకున్నావప్పా?" అని తిమ్మరాజు వెటకారంగా నవ్వాడు. ఇద్దరు ముగ్గురు జత కలిశారు.

"యాడా పట్టుకోలా. నాదే."

నవ్వు ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది. ఆదెప్ప కొక్కెం మీది నుంచి చెయ్యి తియ్యలేదు. తీస్తే మాట ఆగిపోతుందని భయం వేసింది.

"వాని చెయ్యి పట్టుకున్నప్పుడంతా నా చెయ్యి వేరే మాదిరి అయితాది. వాని చెయ్యి ఎప్పుడూ ఆట చెయ్యే. మూడేండ్లలో ఒగ దినమన్నా నా చెయ్యి మాదిరి ల్యా. అట్ల ఉంటే బాగుండునే అని కాసుకోని ఉన్నోన్ని నేను. నాకు తెలీదా ఉలిగప్పన్నా?"

ఉలిగప్ప ఒకసారి నోరు తెరిచి మూశాడు. తిట్టడానికే తెరిచాడు. కానీ కొక్కెం మీద చెయ్యి పెట్టి నిజం చెప్పినవాణ్ణి తిట్టడం హమాలీలకు తెలియదు.

చివరికి అతను ఆదెప్ప వైపు చూడకుండానే అన్నాడు. "ఎర్రిస్వామి జట్టులో ఉంటాడు. మండీలోనూ ఉంటాడు. ఇంక వాని మీద మాటొస్తే పండ్లు రాలగొడ్తా. రేపు ఎడమ మూల వాని పక్కన తిమ్మరాజు నిలబడతాడు." అని గొంతు తగ్గించాడు. "ఆదెప్పా, నీ కొక్కెం ఈడ పెట్టి పోప్పా."

కొక్కెం పోతే మండీలో పని పోయినట్టే. ఆదెప్ప తన నడుమున ఉన్న కొక్కెం తీసి, ఉలిగప్ప కొక్కెం పక్కనే పెట్టాడు. సంచి తీసుకోవడానికి వంగినప్పుడు ఎర్రిస్వామి కనబడ్డాడు. అతను తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. తరువాత దాన్ని పంచెకేసి తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచి, చూసుకుని, మళ్లీ తుడిచాడు. పాపం, కావాలని చేసినట్టు కూడా లేదు. చెమట అనుకుందామని ఆదెప్ప ఎంతో ప్రయత్నించాడు. అనుకోలేకపోయాడు. అయినా చెప్పిన మాటకు పశ్చాత్తాపం మాత్రం రాలేదు.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరూ పిలవలేదు. హిందూపురం నుంచి ఆట చూడటానికి వచ్చిన మండీవాళ్లు అప్పటికే సత్రం గడప దగ్గర గుమిగూడి ఉన్నారు. లోపలి మాటలు విన్నవాళ్లు విననివాళ్లకు చెబుతున్నారు. వాళ్లలో ఒకడు సంచి భుజాన వేసుకుని హిందూపురం బస్సు ఆగే వైపు తిరిగాడు. అది చూశాక ఆదెప్పకు జట్టు గుర్తు రాలేదు, మండీ గుర్తు రాలేదు. రోలు కడుగుతూ మాట మింగేసిన మనిషి గుర్తొచ్చింది. కొట్టినా, తిట్టినా, కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోయినా సరే, ఈశ్వరి ఈ మాట ఇంకొకరి నోట వినకూడదు. బస్సు కోసం పరిగెత్తాడు.